క్లారినెట్ ఆనిన పళ్లు

క్లారినెట్ వాయించేవాడికి పై పళ్లు కావాలి. పెళ్లి ఊరేగింపుల్లో మా వెంట నడిచిన వాళ్లలో ఈ సంగతి తెలిసిన వాళ్లు నాకెవరూ కనబడలేదు. గాలి ఊదితే పాట వస్తుందని అనుకుంటారు. కింది పెదవిని లోపలికి మడిచి, దాని మీద రీడు అనే పలుచని రెల్లు ముక్కను ఉంచి, పై వరసలో ముందు పళ్లను మౌత్‌పీస్ మీద గట్టిగా ఆనించాలి. వాయిద్యం బరువంతా ఆ పళ్లే మోస్తాయి. స్వరం ముందు ఆ పళ్ల వేళ్లలో మోగుతుంది, అక్కడి నుంచి పుర్రెలోకి పాకుతుంది, ఆ తర్వాతే చెవికి తెలుస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా నేను పాటను అట్లానే విన్నాను. నలభై మూడో ఏట నా ముందు పళ్లు నాలుగూ పోయాయి.

మాది ఆసిఫాబాద్. తాతల నాటి నుంచి మెథడిస్టు కుటుంబం. బాపు కూలి పనికి పోయేవాడు, ఆదివారం ప్రార్థనలో క్లారినెట్ వాయించేవాడు. నేర్పింది కూడా ఆయనే. డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి నేను కరీంనగర్ వచ్చాను. అప్పటికే అక్కను అక్కడ ఇచ్చారు. అక్క భర్త, అంటే మా బావ, పెళ్లిళ్లకు బ్యాండు నడిపేవాడు. ఎనిమిది మంది, ఎర్ర కోట్లు, భుజాల మీద జరీ తాళ్లు. బావది పెద్ద డ్రమ్ము. నాకు క్లారినెట్ చేతికిచ్చి, మొదటి రోజే కోటు జేబులో ఒక పొట్లం పెట్టాడు. తెల్లటి పిప్పరమెంటు బిళ్లలు.

"ఒక్కటి బుగ్గన పెట్టుకో బామ్మర్దీ. కరిగినంక ఇంకోటి. నోరు ఎండిందంటే క్లారినెట్ కీసుమంటది, మన ఇజ్జత్ పోతది" అన్నాడు.

అది నిజమే. మా పెళ్లిళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే. చొప్పదండి, హుస్నాబాద్ వైపు ఊళ్లలో మిట్ట మధ్యాహ్నం గంటల తరబడి నడుస్తూ ఊదాలి. నీళ్లు తాగడానికి ఆగితే పెళ్లివారు ఊరుకోరు. పైగా రోడ్డు దుమ్ముకు నాకు తుమ్ములు వచ్చేవి. మెడికల్ షాపులో అడిగితే ఒక గోలీ ఇచ్చారు. తుమ్ములు ఆగాయి, కానీ నాలుక అట్టముక్కలా తయారయ్యేది. అందుకని బిళ్లలు ఇంకొంచెం ఎక్కువ. ఆగిన చోటల్లా చాయ్, మా వాళ్లు తాగే చాయ్‌లో చెంచా నిలబడేంత చక్కెర. పెళ్లిళ్లు లేని రోజుల్లో కూడా బుగ్గన బిళ్ల లేకపోతే నాకు తోచేది కాదు. ఎవరికీ ఏ కీడూ చేయని అలవాటు అని అనుకున్నాను. మా బ్యాండులో సగం మంది గుట్కా నమిలేవారు. ఇద్దరు తాగేవారు. నేను రెండూ ముట్టలేదు. అందుకు లోలోపల గర్వపడేవాడిని కూడా.

ముప్పై ఏడో ఏట గడ్డం చేసుకుంటూ అద్దంలో చూశాను. పై వరసలో ఎడమ వైపు ముందు పంటికి, చిగురు దగ్గర, గోధుమ రంగులో ఒక గీత. గోటితో గీకితే పోలేదు. మరుసటి ఏడాదికి ఆ గీత గుంట అయింది, పక్క పంటికి కూడా ఇంకో గీత వచ్చింది. చల్లటి నీళ్లు తగిలితే కంటి దాకా గుంజేది.

ఆ వేసవిలో మా అమ్మను చూడటానికి ఆసిఫాబాద్ పోయినప్పుడు అవ్వ నా నోరు చూసి భయపడింది.

"పురుగు వట్టింది కొడుకా. ఊకుంటే అన్ని పండ్లు తింటది. అంగడికి ఒకామె వస్తది, పురుగు తీస్తది. పా పోదాం."

"అవ్వా, పండ్లల్ల పురుగులుండయి."

"నీకు ఎర్కనా, నాకు ఎర్కనా? మీ మ్యానమామకు తీసింది. నా కండ్లతోని చూసిన."

వారం వారం సాగే అంగడిలో, మిరపకాయల కుప్పల పక్కన గోనె పరుచుకుని ఒక ఆడమనిషి కూర్చుంది. మట్టి మూకుడులో నిప్పులు, వాటి మీద ఏవో గింజలు, పొగ. ఒక గొట్టంతో ఆ పొగను నా నోట్లోకి పట్టింది. తర్వాత పంటి దగ్గర దూది పెట్టి, ఏదో గొణిగి, దూదిని తీసి అరచేతిలో విప్పింది. తెల్లటి సన్నటి పురుగులు మూడు. దూదిని నా నోట్లో పెట్టక ముందు ఆమె బొటనవేలి కింద అవి మెదలడం నేను చూశాను. అవ్వ మాత్రం రెండు చేతులూ జోడించి, "పీడ వోయింది" అని కళ్లు తుడుచుకుంది. ఆ మొహం చూసి నేను నోరు మూసుకున్నాను. ఆమె సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ పురుగులు నిజమైతే బాగుండునని నాకూ ఎక్కడో ఉంది. పురుగైతే తీసి పారేయవచ్చు.

కరీంనగర్ తిరిగి వచ్చి నా పళ్ల మీద నేనే యుద్ధం మొదలుపెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు తోమేవాడిని. బ్రష్షు చాలదని ఉప్పు, బొగ్గు కలిపి వేలితో రుద్దేవాడిని. చిగుళ్లు రక్తం కారేవి. సీసాలో దొరికే నీలం రంగు మందుతో నోరు మండేదాకా పుక్కిలించేవాడిని. ఆ తర్వాత నోరు తేమగా ఉండాలని ఒక పిప్పరమెంటు బిళ్ల.

నా భార్య బడి వంటశాలలో వండుతుంది. మాటలు తక్కువ మనిషి. ఒకరోజు నన్ను చూసి, "గంతగనం రుద్దుతున్నవ్, అయినా నల్లగనే అయితున్నయేంది?" అంది. ఆమె అడిగింది మామూలుగానే. నాకు మాత్రం నింద వేసినట్టే వినబడింది. వారం రోజులు ముక్తసరిగా మాట్లాడాను.

నిజమైన నింద ఇంకో చోట నుంచి వచ్చింది. కరీంనగర్‌లో మేము వెళ్లే చర్చిలో ప్రతి ఆదివారం కీర్తనలకు నేనే వాయించేవాడిని. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు. రిటైరైన మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట.

"తమ్మీ, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. గుట్కా తింటున్నవా?"

"లేదన్నా. నా జన్మల ముట్టలే."

"పండ్లు చూస్తే గట్ల అనిపిస్తలేదు. పిల్లలు చూస్తుంటరు. నువ్వు ముందట నిలవడేటోనివి. మానెయ్, మానేసినంక మళ్ల వాయించు. మేం ఏం అనం."

"అన్నా, నేను తింటే గదా మానేది."

ఆయన నా భుజం తట్టాడు. అబద్ధం చెప్పేవాడిని క్షమించినప్పుడు తట్టినట్టుగా తట్టాడు. ఆ తర్వాతి ఆదివారం పాస్టరు ప్రసంగంలో, మన శరీరం దేవుని ఆలయం, దాన్ని పొగాకుతో పాడుచేసుకుంటున్న వాళ్లు మన మధ్యనే ఉన్నారని అన్నాడు. పేరు చెప్పలేదు, అవసరం లేకపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి కూడా తలలు తిరిగాయి. నా భార్య తల దించుకుని పాటల పుస్తకం అంచును గోటితో నొక్కుతూ కూర్చుంది. ఆ ఏడు ఈస్టరుకు నేను చివరి వరసలో కూర్చున్నాను. మా బ్యాండులో గుట్కా నమిలే ట్రంపెట్ మనిషి ముందు నిలబడి వాయించాడు. అతని పళ్లు ఎర్రగా గారపట్టి ఉన్నాయి కానీ, గట్టిగా ఉన్నాయి. బయటికి వచ్చేటప్పుడు అతను మూల మీద ఉమ్మేసి నాకు దండం పెట్టాడు.

నవ్వడం మానేశాను. మాట్లాడేటప్పుడు పై పెదవిని కిందికి లాక్కునేవాడిని. ఫొటో తీస్తుంటే మొహం తిప్పుకునేవాడిని. ఊదేటప్పుడు మాత్రం నా పళ్లు ఎవరికీ కనబడవు. అందుకే ఆ రెండేళ్లలో నేను అంతకు ముందెన్నడూ లేనంత బాగా వాయించానేమో. నాకట్లా అనిపిస్తుంది.

చొప్పదండిలో ఒక పెళ్లి. పందిరి ముందు నిలబడి పాట ఎత్తుకున్నాను. మౌత్‌పీస్ మీద టక్కుమని ఏదో విరిగింది. రీడు పగిలిందనుకున్నాను. నాలుక మీద గట్టిగా, పుల్లగా ఒక ముక్క తగిలింది. ఎడమ ముందు పన్ను, చిగురు దాకా. దాన్ని బుగ్గలో, పిప్పరమెంటు బిళ్ల పక్కనే, దాచుకుని పాట పూర్తి చేశాను. పెళ్లికొడుకు తరఫు వాళ్లు ఇంకోసారి కొట్టమన్నారు, కొట్టాను.

మర్నాడు కరీంనగర్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి పోయాను. ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. గుట్కా మాట ఆమె ఎత్తలేదు. అందుకే కాబోలు, నేనే ముందు ఎత్తాను.

"మేడం, నేను గుట్కా తినను. ఒట్టు."

"తినరని కనబడుతనే ఉన్నది. గుట్కా మరకలు ఇట్ల ఉండయి" అంది ఆమె తేలిగ్గా. రెండేళ్లు నన్ను కాల్చిన మాటను ఆ అమ్మాయి అరక్షణంలో చెరిపేసింది. వినడానికి సంఘ పెద్ద అక్కడ లేడు.

"మరి పురుగా?"

"పురుగు గాదు. మన నోట్ల కంటికి కనబడని సూక్ష్మజీవులు లెక్కలేనన్ని ఉంటయి. బ్యాక్టీరియా. మీ నోట్లనే కాదు, నా నోట్ల గూడ. అన్నీ చెడ్డయి గావు. జాగ కోసం ఒకదానితోని ఒకటి కొట్లాడుతయి."

"కొట్లాటనా?"

"ఔ. ఒక జాతి ఉంటది. తీపి తిని పులుపు ఇడుస్తది. ఆ పులుపు పన్నును కరగబెడ్తది. ఇంకో జాతి ఉంటది, అది మొదటిదాన్ని చంపే మందు తనే తయారు చేసుకుంటది. పుండు మీద పోస్తే బుసబుస పొంగే మందు ఉంటది చూడుండ్రి, అసుంటిదే. మన ఉమ్మిల దొరికే సరుకుతోని పులుపును ఇరగ్గొట్టేటియి గూడ ఉంటయి. ఇవి బలంగ ఉన్నన్ని రోజులు మొదటియి నోట్ల ఉన్నా ఏం చెయ్యలేవు."

"మరి నా నోట్ల?"

ఆమె అద్దాన్ని పళ్లెంలో పెట్టింది. "మీ నోట్ల మంచియి ఓడిపోయినయి. రోజుకు ఎన్నిసార్లు తీపి తింటరు?"

బిళ్లల సంగతి చెప్పాను. ఆమె మొహం మారింది. ఎన్నేళ్ల నుంచి అని అడిగింది. చెప్పాను. తుమ్ముల గోలీ సంగతి కూడా అడిగి రాసుకుంది.

"ఒక్కసారి తీపి తిని ఊకుంటే ఉమ్మి కడిగేస్తది, జరసేపట్ల నోరు మామూలైతది. మీరు గంటలు గంటలు బుగ్గన పెట్టుకున్నరు. గోలీతోని ఉమ్మి తక్కువైంది. నోరు పొద్దుందాక పుల్లగనే ఉన్నది. పులుపుల ఆ మొదటి జాతి బతుకుతది, మంచియి బతకయి. మెల్లమెల్లగ జాగంత దానిదే అయింది."

"రోజు మూడు సార్లు తోమిన మేడం. బొగ్గు, ఉప్పు వెట్టి రుద్దిన. నీలం మందు పుక్కిలించిన."

"గట్టిగ రుద్దుడుతోని చిగురు పైకి జరిగింది. పంటి మొదలు బయటపడ్డది. అక్కడ పైన ఉండేటంత గట్టి పొర ఉండది. పెద్దోళ్లకు అక్కడ్నే తొందరగ పిప్పి పడ్తది. నీలం మందు మంచి చెడ్డ చూడది, దొరికినదాన్నల్ల చంపుతది. చంపినంక మీరు మళ్ల బిళ్లనే ఏసుకున్నరు. మరి ముందుగాల ఎవరు లేస్తరు?"

మేత వేసి పెంచింది నేనే. మిగిలినవాటిని చంపుకుంటూ వచ్చింది కూడా నేనే. శుభ్రం పేరుతో.

"మా బాపు గూడ క్లారినెట్ వాయించిండు మేడం. డెబ్బై ఏండ్లు బతికిండు. పెట్టెల పండవెట్టిననాడు గూడ ఆయన ముందు పండ్లన్ని ఉన్నయి."

"ఆయన బిళ్లలు చప్పరించిండా?"

బాపు జొన్నగటక తిన్నాడు, చాయ్ ఎప్పుడో పండక్కి తాగాడు. పిప్పరమెంటు కొనుక్కుని చప్పరించే స్తోమత ఆయనకు లేదు. అదే చెప్పాను. ఆమె నవ్వలేదు. ఒక్కో మనిషి ఉమ్మి ఒక్కో తీరుగా ఉంటుందని, అన్నీ బిళ్లల మీదే వేయలేమని అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నదని నాకు అర్థమైంది.

నాలుగు పళ్లలో రెంటిని కాపాడాలని ఆమె చాలా ప్రయత్నించింది. వేళ్ల దాకా చెడిపోయాయి. ఒక్కోటి తీసేస్తూ, రెండేళ్ల ముందు వచ్చి ఉంటే అని ఒకసారి అనబోయి ఆగిపోయింది. ఆ రెండేళ్లూ నేను చివరి వరసలో తల దించుకుని కూర్చున్నాను. నోరు తెరిచి చూపించాలంటే సిగ్గు. నన్ను అంత సిగ్గుపడేలా చేసిన వాళ్ల మొహాలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఇప్పటికీ గుర్తొస్తాయి.

బావకు అంతా చెప్పాను. మిగతా వాళ్ల జేబుల్లో బిళ్లలు పెట్టొద్దని అన్నాను.

"ఏం మాట్లాడుతున్నవ్ బామ్మర్దీ? బ్యాక్టీరియా కొట్లాడుడేంది? కోళ్లా, పొట్టేళ్లా? ఇన్నేండ్ల సంది ఇస్తున్న, ఒక్కని పన్నన్న ఊడిందా?"

"ఊదేటోళ్లల్ల నేనొక్కన్నే గంటలు గంటలు చప్పరించిన బావా. మిగతోళ్లు గుట్కా నములుతరు, వాళ్లకు నీ బిళ్లలతోని పనేంది?"

"అయితే తప్పు నాదంటవా?"

అనలేదు. అక్క అక్కడే బియ్యం చెరుగుతూ ఉంది. ఆమె ముందు అనలేకపోయాను. "నాదే తప్పు" అన్నాను. బావ అంతటితో తృప్తిపడి డ్రమ్ము తాళ్లు బిగించుకున్నాడు.

డాక్టరమ్మ కట్టుడు పళ్లు పెట్టింది. గులాబీ రంగు ప్లేటుకు నాలుగు తెల్లటి పళ్లు. ఇవి వాయించడానికి నిలుస్తాయని మాట ఇవ్వలేనని ముందే చెప్పింది. ఇంట్లో తలుపులు వేసుకుని సాధన చేశాను. నోరు అదే, వేళ్లు అవే. మౌత్‌పీస్ ఆనగానే ప్లేటు మెల్లగా కదిలేది. స్వరం పుర్రెలోకి వచ్చేది కాదు. గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు వినబడేది. రెండు పెదవులూ మడిచి, పళ్లు ఆనించకుండా వాయించి చూశాను. పది నిమిషాలకే పెదవులు వణికి గాలి పక్కల నుంచి పోయేది. నా భార్య కొన్ని రోజులు విన్నది. ఒకరోజు వచ్చి క్లారినెట్‌ను నా చేతిలోంచి తీసి పక్కన పెట్టి, "అన్నం తిను" అంది. ఆ వారం రోజుల ముక్తసరి మాటల గురించి అప్పుడు క్షమించమని అడగాల్సింది. అడగలేదు.

అయినా పెళ్లికి పోయాను. హుస్నాబాద్‌లో, పొద్దున పదింటికి ఎదుర్కోళ్లు. రెండు వైపుల చుట్టాలు ఎదురుబొదురుగా నిలబడి పానకం ఇచ్చుకుంటున్నారు. బావ కళ్లతో సైగ చేశాడు, అందుకున్నాను. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో పై స్వరానికి పోయేటప్పుడు ప్లేటు చిగురు నుంచి ఊడి మౌత్‌పీస్‌తో పాటే ముందుకు వచ్చింది. క్లారినెట్ గావుకేక పెట్టింది. ప్లేటును నోట్లో నిలుపుకుందామని చేయి అడ్డం పెట్టాను. అది వేళ్ల సందుల్లోంచి జారి పానకం బిందె పక్కన పడింది.

ముందు పెళ్లికూతురి బాబాయి నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. చిన్న పిల్లలు వంగి చూశారు. నేను వంగి దాన్ని తీసుకుని జేబులో వేసుకున్నాను. బావ డ్రమ్ము ఆపలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు, ఆ నవ్వులు మునిగిపోవాలనో, నేను మునిగిపోవాలనో.

నాలుగు రోజుల తర్వాత బావ మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగాడు, పిల్లల చదువులు అడిగాడు.

"కిన్వట్ దిక్కు నుంచి ఒకడు వస్తుండు. మంచిగ వాయిస్తడట. సీజన్ నడుస్తున్నది గదా, నేను పరేషాన్‌ల ఉన్న" అన్నాడు. చాయ్ గ్లాసు పక్కకు జరిపి, "గా క్లారినెట్ ఇస్తవా? బ్యాండుదే గదా" అన్నాడు.

బ్యాండుదే. కాదనను. మౌత్‌పీస్ కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టి ఇచ్చాను. దాని మీద నా పళ్లు చేసిన రెండు గుంటలు ఉన్నాయి, ఇరవై ఏళ్ల గుంటలు. కొత్తవాడి పళ్లకు అవి సరిపోవు, మౌత్‌పీస్ మార్చుకుంటాడు అనుకున్నాను. అక్క ఆ తర్వాత మా ఇంటికి రావడం తగ్గించింది. కనబడితే పిల్లల గురించి మాత్రమే మాట్లాడేది.

నేను టెంట్ హౌసులో పనికి కుదిరాను. కుర్చీలు, గిన్నెలు, షామియానాలు పెళ్లిళ్లకు చేరవేసే పని. అంటే మళ్లీ అవే పెళ్లిళ్లు. నేను కుర్చీలు వేస్తుంటే మా బ్యాండు వచ్చేది.

కిన్వట్ అతనికి ముప్పై దాటి ఉంటాయి. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నన్ను మొదటి రోజే గుర్తుపట్టి వచ్చి, "దాదా, సబ్ లోగ్ మీ పేరే చెప్తరు. మీ లెక్క నాకు రాది" అని కాళ్లకు దండం పెట్టబోయాడు. మంచివాడు. నిజంగా మంచివాడు కావడం నాకు ఇంకా కష్టమైంది. ఒక పాటలో వేళ్లు ఎట్లా మార్చాలో అడిగితే చూపించాను. మాట్లాడుతుంటే అతని ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. పిప్పరమెంటు వాసన.

బావ అతని జేబులోనూ పొట్లం పెట్టాడు.

నేను చెప్పలేదు. మొదటి నెల, చెబితే కడుపుమంటతో చెబుతున్నాననుకుంటారని సర్దిచెప్పుకున్నాను. రెండో నెల, బావ నమ్మనిది ఇతనేం నమ్ముతాడులే అనుకున్నాను. ఆ తర్వాత సాకులు కూడా అవసరం లేకపోయాయి. ఒక సీజన్ అంతా గడిచింది. వానాకాలం గడిచింది. మాఘంలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. అతను నవ్వినప్పుడల్లా నేను అతని పళ్ల వైపు చూస్తున్నానని అప్పటికి నాకు తెలిసిపోయింది. నేను ఎదురుచూస్తున్నాను. ఇంతకంటే మెత్తని మాట దానికి లేదు.

ఒక పెళ్లిలో భోజనాల దగ్గర అతను ఏదో మాటకు తల వెనక్కి వేసి నవ్వాడు. పై వరసలో, కుడి ముందు పంటికి, చిగురు దగ్గర గోధుమ రంగు గీత. నా లోపల ఏదో ఎగిరింది. సంతోషమే. చేతిలోని కుర్చీ విప్పి నేల మీద పెట్టేంత సేపు అది ఉంది. ఆ తర్వాత వంటల డేరా వెనక్కి పోయి నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం అతన్ని కుర్చీల లారీ వెనక్కి పిలిచాను.

"గా బిళ్లను ఉమ్మెయ్."

"బిళ్లలా? గవి గొంతుకు మంచియి దాదా. మాలిక్ ఇచ్చిండు."

నేను చేయి పెట్టి నా కట్టుడు పళ్లు తీసి అతనికి చూపించాను. అంతవరకు నా భార్య ముందు కూడా తీయలేదు. ఖాళీ నోటితో, మాటలు సగం గాలిగా పోతుంటే, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. తీపి తిని పులుపు విడిచేవి, వాటితో కొట్లాడే మంచివి, ఎండిన నోరు, అంతా. అతను నా చేతిలోని ప్లేటును, నా చిగుళ్లను మార్చి మార్చి చూశాడు. బుగ్గలోని బిళ్లను తీసి దూరంగా విసిరేశాడు.

"దాదా, గీ సంగతి మీకు ఎప్పట్నుంచి ఎర్క?"

"మొన్ననే. మొన్న దవాఖానకు పోతే చెప్పింది" అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక చేతిలో ఇంకా ఆ ప్లేటు ఉంది.

మర్నాడు నేనే అతన్ని ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అదే కుర్చీలో పడుకోబెట్టి, అదే అద్దంతో చూసింది. మూడు పళ్లు పట్టాయని చెప్పింది. రెండు బాగవుతాయి. కుడి ముందు పన్ను మాత్రం లోపలి దాకా పోయింది, ప్రయత్నిస్తాను, వాయించే బరువు మోస్తుందో లేదో చెప్పలేను అంది.

"ఒక ఏడాది ముందు ఆ బిళ్లలు మానేసి ఉంటే దీనికి ఏం కాకపోవు" అంది అతనితో.

అతను నోటి నిండా దూదితోనే నా వైపు చేయి చూపించి, "దాదాకు గూడ అప్పుడు ఎర్కలేదు మేడం. ఎర్క కాంగనే నన్ను తెచ్చిండు" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నాకు ఎప్పుడు చెప్పిందో ఆమెకు తెలుసు. నా కాగితం మీద తారీఖుతో సహా రాసి ఉంది. ఏదో అంటుందని నిలబడ్డాను. ఆమె చేతి తొడుగు సర్దుకుని, అతన్ని నోరు ఇంకొంచెం పెద్దగా తెరవమంది.